సజ్జా క్యాంపులో ఆగ్స్‌బర్గ్ సంధి

నేను ముప్పై రెండేళ్ళు యూరప్‌లో గడిపాను, పాస్‌పోర్టు లేకుండానే. జగిత్యాల డిగ్రీ కాలేజీలో పైకప్పు పెచ్చులూడే మూడో నంబరు గదే నా యూరప్. అక్కడే పోపులను ధిక్కరించాను, రాజుల తలలు తీయించాను, ముప్పై సంవత్సరాల యుద్ధాన్ని నలభై అయిదు నిమిషాల్లో ముగించి బెల్లు మోగేసరికి చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాను. రిటైరయ్యాక మొదటిసారి పాస్‌పోర్టు చేయించుకున్నాను. చేయించుకుని పోయిందెక్కడికయ్యా అంటే దుబాయ్‌కి. మా తాలూకాలో పాస్‌పోర్టుకు ఇంకో ఉపయోగం ఉందని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

వెళ్ళని వాళ్ళ కోసం ఒక మాట ముందే చెప్పాలి. మా వైపు షార్జా, అబుదాబి, మస్కట్ అన్నీ దుబాయే. నేను దిగింది షార్జాలో, అయినా దుబాయ్ పోయొచ్చానంటేనే మా వీధిలో మర్యాద. ఏప్రిల్‌లో ఎందుకు పోయావని అందరూ అడిగారు. టికెట్ చవక, అందుకు. అక్కడ ఎండలు మండిపోతాయట. ఎండ గురించి జగిత్యాల వాడికి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

షార్జా: ఇరవై రెండో అంతస్తు

మా అక్క కూతురు స్వప్న, ఆమె భర్త కిరణ్ ఇద్దరూ ఆఫీసు ఉద్యోగులు. ఉదయం ఏడింటికి నన్ను ఫ్లాటులో వదిలేసి పోయారు. ఏసీ రిమోటు ఎలా నొక్కాలో, తలుపు ఎలా తాళం పడుతుందో, ఎవరు వచ్చినా తీయకూడదని, బుద్ధిగా ఉండాలని చెప్పి పోయారు. నేను రెండు వేల మంది పిల్లలకు బుద్ధి చెప్పినవాణ్ణి.

మొదటి రెండు రోజులు నేను ప్రతి వస్తువు ధరనూ ఇరవై మూడుతో గుణించాను. మన అంగట్లో పది రూపాయలకు ఒళ్ళో పడేసే గోంగూర కట్టను అక్కడ ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి మూడు దిర్హాములంటారు. ఆ పూట గోంగూర పచ్చడి నాకు గొంతు దిగలేదు. "మామయ్యా, గుణకారం మానెయ్. లేకుంటే ఈ ఊర్ల నువ్వు ఆకలితోటి పోతవ్" అంది స్వప్న.

మూడో రోజు నా పంచె ఉతికి బాల్కనీ కమ్మీ మీద ఆరేశాను. పది నిమిషాలైందో లేదో కింది నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. బయటికి కనిపించేలా బట్టలు ఆరేస్తే జరిమానా అట. ఆఫీసు నుంచి స్వప్న ఫోను, కిరణ్ ఫోను, మళ్ళీ వాచ్‌మన్. యూరప్‌లో రాజులు ప్రజల ఆత్మల రంగు మీద ఆరా తీశారని నేను జీవితమంతా పాఠం చెప్పాను. ఇక్కడ నా ఆత్మ గురించి ఎవరూ అడగలేదు, నా పంచె గురించి మాత్రం ముగ్గురు మాట్లాడారు. పురోగతి అంటే ఇదే కాబోలు అనుకుని పంచెను బాత్రూంలో ఆరేసుకున్నాను.

నైఫ్: ఒక దిర్హాము చాయ్

ఆదివారం కిరణ్ నన్ను దేరాలోని నైఫ్ బజారుకు తీసుకెళ్ళాడు. సందు సందుకీ దుకాణం, దుకాణం నిండా దుప్పట్లు, సెంట్లు, సూట్‌కేసులు, ఇంటికి పోయేవాళ్ళు కొనే టార్చిలైట్లు. అక్కడికి పోయాక నా ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అక్కడ బేరం ఆడొచ్చు. ఒక సూట్‌కేసు దగ్గర నిలబడి దుకాణదారుడికి నా హిందీలో నీతిశాస్త్రం చెబుతుంటే వెనక నుంచి ఎవరో కేక పెట్టారు.

"ఆగ్స్‌బర్గ్ సార్!"

తిరిగి చూస్తే నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళ చుట్టూ ఎండకు కాలిన చర్మం, ముఖమంతా నవ్వు. వెల్గటూరు లింగం. బి.ఏ. రెండో సంవత్సరం, కిటికీ పక్క బెంచి. కాలేజీలో పిల్లలు నన్ను చాటుగా ఆ పేరుతో పిలిచేవాళ్ళని నాకు పాతికేళ్ళ తర్వాత, నైఫ్ నడిబజార్లో, అల్లుడి ముందు తెలిసింది. కిరణ్ ఆ రోజంతా నవ్వాడు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి కదా. జర్మనీలో కాథలిక్కులు, లూథర్ వర్గం వాళ్ళు కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి 1555లో ఆగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక సంధి రాసుకున్నారు. ఎవరి రాజ్యమో వారి మతం. రాజుది ఏ మతమైతే ప్రజలదీ అదే. నచ్చనివాడు సామాను సర్దుకుని వేరే రాజ్యానికి పోవచ్చు. ఈ పాఠం నాకు ప్రాణం. సహనానికి తొలి మెట్టు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఏటా ముఖ్యమైన ప్రశ్న కూడా అదే.

లింగం మాకు చాయ్ ఇప్పించాడు. చిక్కటి కరక్ చాయ్ కప్పు ఒక్క దిర్హాము. దుబాయ్ మొత్తంలో గుణించినా బాధ కలగని వస్తువు ఇదొక్కటే. తాగుతూ తన సంగతి చెప్పాడు. సజ్జాలో ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడట, ఎనిమిది మంది గదికి పెద్దట. గదిలో గొడవ అయిందట. అన్నదమ్ములిద్దరు, మన మల్యాల వైపు వాళ్ళే. అన్న రాజేశం కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాడు. తమ్ముడు శ్రీనివాసు ప్రార్థనలకు పోతున్నాడు.

"మీరు చెప్పిన పాఠమే గోడ మీద రాసి పెట్టిన సార్. ఎవరి రాజ్యమో వారి మతం. గని నడుస్తలేదు. మీరే వచ్చి తెంపాలె" అన్నాడు.

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా పాఠం ఎవరికైనా పనికొచ్చిందన్న వార్త అదే మొదటిది. ఆహ్వానం అందిన రాయబారిలా వెంటనే బయల్దేరాను. కిరణ్‌కు ఆఫీసు ఫోనేదో వచ్చిందట, అతను ఇంటికి పోయాడు.

సజ్జా: సంధి సభ

సజ్జా షార్జా అంచున ఉంటుంది. ఫ్యాక్టరీలు, సిమెంటు దుమ్ము, కంపెనీ బస్సులు, దూరంగా ఎర్రటి ఇసుక. లింగం గదిలో నాలుగు రెండంతస్తుల మంచాలు, ప్రతి మంచానికీ దుప్పటి తెర. ఆ తెర వెనకే ఒక్కొక్కడి ఇల్లు, పూజగది, డ్రాయింగ్ రూము అన్నీ. వసారా చివర వంటగది, వరుసగా గ్యాస్ పొయ్యిలు. ఈ గదికి ఒక పొయ్యి, ఒక పెద్ద గిన్నె, ఒక కుక్కరు.

సభ తీరింది. కాషాయం కట్టిన నలుగురు స్వాములు ఒకవైపు, శ్రీనివాసు ఒక్కడూ ఇంకోవైపు, తలుపు దగ్గర ఇద్దరు తటస్థులు. తటస్థుల సిద్ధాంతం స్పష్టం: వండినవాడిదే మతం. లింగం అధ్యక్షుడు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఉల్లిగడ్డ లేని సర్వపిండి, అదే మా వైపు బియ్యప్పిండి రొట్టె, పెట్టారు. ఉల్లిగడ్డ లేకుండా సర్వపిండి చేసి మెప్పించడం ఆంజనేయుడి మహిమే అని ఒప్పుకుంటున్నాను.

మాలధారుల కష్టాలు ముందు విన్నాను. దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. సైటులో సేఫ్టీ బూట్లు లేకపోతే గేటు దాటనివ్వరు. ఇటు దేవుడు, అటు సేఫ్టీ ఆఫీసరు. ఊళ్ళోని గురుస్వామికి ఫోను చేస్తే, తోలు కానిదైతే పర్వాలేదు, గేటు దాటి రాగానే విప్పేయమని మినహాయింపు ఇచ్చాడట. యూరప్‌లో ఇలాంటి మినహాయింపు కోసం ఒక ఇంగ్లండు రాజు పోపుతోనే తెగతెంపులు చేసుకున్నాడు. మా గురుస్వామి వాట్సాప్‌లో తేల్చేశాడు.

ఇక అసలు కేసు. వచ్చే ఆదివారం ఈస్టరు. ఆ రోజు కోడికూర వండుకోవచ్చునా అని శ్రీనివాసు అడిగాడు. అంతే, అడిగాడు. రాజేశం దీక్ష మొదలై అప్పటికి మూడు రోజులే. గదిలో నీసు వాసన వస్తే దీక్ష భంగమన్నాడు. అదే పొయ్యి, అదే గిన్నె. వీణ్ణి ఈ రూములోంచి తీసేయండి, వేరే క్యాంపుకు మార్చండి అని అన్నే పట్టుబట్టాడు. మాలలో ఉన్నవాడు అందరినీ స్వామి అనే పిలవాలి కాబట్టి, ఆ తిట్లన్నీ పరమ మర్యాదగా సాగాయట. "స్వామీ, నువ్వు నా కండ్ల ముంగట ఉండకు స్వామీ."

ఇక్కడ ఇంకో విచిత్రం. శ్రీనివాసు కూడా ఈస్టరు ముందు నలభై రోజులు నీసు మానేసినవాడే. అన్నవి నలభై ఒకటి. ఒకడివి అయిపోవస్తున్నాయి, ఇంకొకడివి ఇప్పుడే మొదలు. ఇద్దరూ పప్పే తింటున్నారు, పప్పు తింటూనే కోడి గురించి కొట్టుకుంటున్నారు. నాకు జ్యూరిక్ గుర్తొచ్చింది. అక్కడ ఉపవాసపు రోజుల్లో ఒక అచ్చాఫీసు యజమాని ఇంట్లో కొందరు సాసేజీలు తిన్నారని ఊరంతా రెండుగా చీలింది. ఆ మాట చెప్పాను. తటస్థుల్లో ఒకడు సాసేజీ అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. వాడికి నోరూరింది.

రాజేశం యాభై ఏళ్ళ మనిషి. పదేళ్ళు కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మీద పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఎదుటివాడు చెవి దగ్గర అరిస్తే కొంత అందుతుంది. తనకు వినబడదు కాబట్టి తను కూడా అరిచే మాట్లాడతాడు. తమ్ముడు పదేళ్ళు చిన్న. సభ మొత్తంలో అతను తలెత్తలేదు.

నేను లేచి నిలబడ్డాను. క్లాసులోలాగే గొంతు సవరించుకుని మార్టిన్ లూథర్ కాలం నుంచి మొదలుపెట్టాను. అయిదు నిమిషాల్లో తీర్పు కూడా ఇచ్చేశాను. గదిది దీక్ష, కాబట్టి దీక్షదే నియమం. నచ్చనివాడు తన సామానుతో గౌరవంగా వేరే చోటికి పోవచ్చు. ఎవరికీ అవమానం లేదు. ఆగ్స్‌బర్గ్‌లో నెలల తరబడి తేలనిది సజ్జాలో ఒక సర్వపిండి అయిపోయేలోపు తేలిపోయింది.

లింగం దాన్ని రాజేశం చెవిలో అరిచి చెప్పాడు. రాజేశం తలూపి కింద చూశాడు. శ్రీనివాసు "సరే సార్" అన్నాడు.

లింగానికే ఏదో తృప్తి లేదు. "అన్నదమ్ములది దూరం సైటు సార్. బస్సు తెల్లారగట్ల నాలుగున్నరకే. రోజు కాలు గుంజి అన్నను లేపేది తమ్ముడే. మాకేమో వేరే షిఫ్టు. మరి రేపటి సంది లేపేదెవరు?"

"అలారం పెట్టుకోమను" అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. నా చమత్కారానికే అనుకుని నేనూ నవ్వాను. మంగళవారం కంపెనీ పికప్ వచ్చి శ్రీనివాసు పరుపును, రెండు సంచులను అల్ ఖూజ్ క్యాంపుకు తీసుకుపోయింది.

అబుదాబి: రాజుగారి మేజోళ్ళు

గురువారం స్వప్న సెలవు పెట్టి నన్ను అబుదాబి తీసుకుపోయింది, సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద మ్యూజియం చూపించడానికి. టికెట్టు అరవై దిర్హాముల పైనే. గుణించలేదు, స్వప్న నా పెదాల వైపే చూస్తోంది.

లోపల నా యూరప్ ఉంది. నిజం యూరప్, నూనె రంగుల్లో, బంగారు చట్రాల్లో. ఒక రాజుగారి ముందు నేను పావుగంట నిలబడ్డాను. పట్టు మేజోళ్ళు, ఎర్ర మడమల చెప్పులు, మా ఊరి పెండ్లి బ్యాండు మాస్టరు కూడా వేసుకోని టోపీ. ఈయన లాంటివాళ్ళు సంతకం పెడితే లక్షల మంది దేవుడు మారాలి, లేదా ఊరు మారాలి. ఇంకో చీకటి గదిలో మూడు మతాల పవిత్ర గ్రంథాలు పక్కపక్కనే తెరిచి పెట్టి ఉన్నాయి. ఏదీ ఇంకోదాన్ని వేరే గదికి మార్చమనలేదు. వాటికి రూము పెద్ద ఎవరో కానీ సమర్థుడు.

ఆ రాజు దగ్గరే నాకు ఒక పాత పగలు గుర్తొచ్చింది. మూడో నంబరు గది, కిటికీ పక్క బెంచి, లింగం లేచి నిలబడ్డాడు. వాళ్ళ నాయన అప్పటికే మస్కట్‌లో ఉన్నాడు.

"సార్, గా రాజు మతం నచ్చక ఊరిడిసి పోయినోళ్ళు ఏడ పండుకున్నరు సార్?"

క్లాసంతా నవ్వింది. నేను అన్నదీ నాకు మాట మాట గుర్తుంది. "అది సిలబస్‌లో లేదు. కూర్చో." ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లను కాపాడిన శాసనాన్ని రాజు రద్దు చేశాక రాత్రికి రాత్రి పడవలెక్కినవాళ్ళ గురించి కూడా నేను ముప్పై రెండేళ్ళు ఒక్క వాక్యమే చెప్పాను: "దీనివల్ల ఫ్రాన్సు నిపుణులైన పనివారిని కోల్పోయింది." పరీక్షలో ఆ వాక్యానికి రెండు మార్కులు.

స్వప్న వచ్చి, ఒంట్లో బాగా లేదా మామయ్యా అంది. బాగానే ఉందన్నాను. మ్యూజియం కాఫీ ఇరవై అయిదు దిర్హాములు, దాన్ని కూడా గుణించలేదు. దానితో ఆమెకు నిజంగానే భయం వేసింది.

అల్ ఖూజ్: పండుగ పప్పు

ఈస్టరు నాడు నేనే టాక్సీ పట్టుకుని అల్ ఖూజ్ పోయాను. గోదాములు, గ్యారేజీలు, వర్కుషాపులు, వాటి మధ్యలోనే ధనవంతుల కోసం బొమ్మల కొలువులు. శ్రీనివాసు ఫోన్లో చెప్పిన గుర్తుల ప్రకారం ఒక పెద్ద రేకుల షెడ్డులోకి దూరాను. లోపల చల్లటి ఏసీ, తుప్పు పట్టిన ఇనుప దూలాలు అడ్డదిడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. నల్లబట్టల అమ్మాయి ఎదురొస్తే, వెల్డింగ్ ఇంకా పూర్తి కాలేదా అమ్మా అని నా ఇంగ్లీషులో అడిగాను. అది కళాఖండమట. దాని ధర కింద చిన్న చీటీ మీద ఉంది. దాంతో మల్యాలలో నాలుగు ఇళ్ళు వస్తాయి.

అసలు క్యాంపు దాని వెనక సందులో. శ్రీనివాసు గేటు దగ్గర ఎదురు చూస్తున్నాడు, తెల్లచొక్కా, ప్రార్థనకు పోయొచ్చిన ముఖం. గదిలో నేపాలీలు, బెంగాలీలు, ఒక పెషావరు డ్రైవరు. తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. ఆ గదిలో ఎవరికీ ఎవరి మతంతోనూ గొడవ లేదు, ఎందుకంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు.

కింద కాగితం పరిచి అన్నం పెట్టాడు. నేను కోడికూర కోసం చూశాను. పప్పుచారు, మామిడికాయ తొక్కు వచ్చాయి.

"పండుగ కదరా, కోడి ఏదీ?"

"అన్న మాలల ఉన్నడు కద సార్" అన్నాడు.

ఇక్కడ నీకు ఎవరు అడ్డు, పొయ్యి వేరే, గిన్నె వేరే, క్యాంపే వేరే కదా అన్నాను. అన్నం కలుపుతూ చెప్పాడు.

కరోనా మొదటి ఏడాది శ్రీనివాసుకు జబ్బు సోకింది. వేరే బిల్డింగులో పడేశారు. అన్నను లోపలికి రానివ్వలేదు. రోజూ గేటు దాకా అన్నం తెచ్చి, పేరు పెట్టి పిలిచి, బాగున్నావా అని అడిగింది ప్రార్థన చేసేవాళ్ళు. బతికి బయటపడ్డాక అతను వాళ్ళ వెంట పోయాడు. అదే రోజుల్లో గేటు బయట రోడ్డు మీద నిలబడి, వినపడని చెవులతో ఎవరినీ ఏమీ అడగలేక, అన్న కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. తమ్ముడు బతికితే అయిదేళ్ళు మాల వేస్తానని.

"నా కోసమే ఏసుకున్నడు సార్ మాల. ఇది ఐదోది, ఆఖరుది. గిది పాడైతే దెబ్బ నాకు తలుగుతదని అన్న బుగులు. అందుకే నన్ను ఎల్లగొట్టిండు."

మరి సభలో ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. "మీరు పెద్ద పెద్ద రాజుల ముచ్చట చెప్తాంటిరి సార్. మా ముచ్చట నడిమిట్ల ఏం చెప్పాలె" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని అతని ముఖం చూశాను. లేదు, నిజంగానే అన్నాడు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో క్లాసులో ఎంతమంది ఇలాగే సరే సార్ అని కూర్చున్నారో లెక్క లేదు.

మళ్ళీ సజ్జా: మంచాల ఆఫీసు

మర్నాడు సజ్జా పోయి నేరుగా క్యాంపు ముదీర్ గదిలోకి వెళ్ళాను. ముదీర్ అంటే మేనేజరు. నా సంధిని నేనే రద్దు చేస్తున్నానని, శ్రీనివాసును వెనక్కి పంపమని చెప్పాను. దానికి మతాలు, మొక్కులు, కరోనా, ఆగ్స్‌బర్గ్ అన్నీ వరసగా వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు, నాకు చాయ్ కూడా తెప్పించాడు. మనిషి మంచివాడే.

"మాస్టర్‌జీ, యే ధరమ్ కా ఆఫీస్ నహీ, బిస్తర్ కా ఆఫీస్ హై" అన్నాడు. ఇది మతాల ఆఫీసు కాదు, మంచాల ఆఫీసు. ఆ మంచం మీద నిన్ననే కొత్తవాడు పడుకున్నాడు. కాగితం మీద సంతకం అయిపోయింది. ఖలాస్.

నా రాజులు కూడా ఇంతేనేమో. వాళ్ళు దేవుడి కోసం పోరాడారని నేను బోర్డు మీద రాశాను. ఎవరికి తెలుసు, సగం మందికి కావాల్సింది మంచాల లెక్కేనేమో.

లింగం గదికి పోయాను. గోడ మీద ఎవరి రాజ్యమో వారి మతం అని స్కెచ్‌పెన్నుతో రాసిన అట్ట ఇంకా ఉంది. రాజేశం అప్పుడే డ్యూటీ దిగి, గేటు దగ్గరే బూట్లు విప్పి, ఆ కాలిపోయే నేల మీద వట్టికాళ్ళతో నడుచుకుంటూ వచ్చాడు. తమ్ముడు పోయాక రెండు రోజులు బస్సు తప్పిందట. మూడోసారి తప్పితే ఇంటికి పంపిస్తామన్నారట. అప్పుడు గానీ ఆ రోజు గదిలో అందరూ ఎందుకు నవ్వారో నాకు తట్టలేదు. చెవులు లేనివాణ్ణి అలారం పెట్టుకోమన్న పండితుణ్ణి నేను.

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మరి ఇప్పుడు ఎట్లా లేస్తున్నావని అరిచాను. రాజేశం నడుముకు చుట్టిన కాషాయపు కండువా మడతలోంచి ఫోను తీశాడు. పడుకునేటప్పుడు దాన్ని అక్కడే కట్టుకుంటాడట. మోగితే వినబడదు, వణికితే తెలుస్తుంది. నాకు తెర చూపించాడు. వరసగా కాల్స్, ప్రతి రోజూ మూడూ యాభైకి, అన్నీ ఒకే నంబరు. పేరు తమ్ముడు అని ఉంది. ఒక్కటీ ఎత్తలేదు.

"ఎత్తడు సార్, కట్ చేస్తడు" అన్నాడు లింగం. "కట్ చేసిండంటే లేచిండన్నట్టు. ఎవలూ చెప్పుకోలె, గట్ల కుదిరింది. కట్ చేసేదాక వాడు గక్కడ ఫోన్ కొడ్తనే ఉంటడు."

కొత్త చోట శ్రీనివాసుకు డ్యూటీ ఏడింటికి. అల్ ఖూజ్‌లో అందరూ నిద్రపోతుండగా అతను మూడూ యాభైకి లేస్తున్నాడు.

తమ్ముడితో మాట్లాడు, మాట కలుపు అని రాజేశం చెవిలో అరిచాను. ఆయన గదంతా అదిరేలా జవాబిచ్చాడు. "మాల దించినంక సార్. ఇంక నెల రోజులే. నడిమిట్ల వానితోని మాట కలిపితే నా మనసు ఆగదు, రమ్మంట. వస్తే ఎట్ల?"

గోడ మీది అట్టను పీకేయనా అని లింగాన్ని అడిగాను. మీ యాదికి ఉంచుకున్న సార్ అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నన్ను ఎవరూ తిట్టలేదు, పాపం అతనికి ఆ సంగతి తెలియదు. అట్టను పీకి నా సంచిలో పెట్టుకున్నాను.

జగిత్యాల

తిరిగొచ్చాక అందరూ అడిగేది ఒక్కటే, ఎత్తయిన బిల్డింగు ఎక్కావా అని. ఎక్కలేదు. బంగారం తెచ్చావా? తేలేదు. సెంటు సీసా, ఖర్జూరాలు, ఒక అట్ట తెచ్చాను. ఖర్జూరాలు అయిపోయాయి.

అక్కడ మూడూ యాభై అంటే మనకు అయిదూ ఇరవై. ఆ వేళకు నాకు మెలకువ వస్తోంది. ముసలితనం అంటుంది మా ఆవిడ. అవునంటాను.

మాలలు దించే హనుమాన్ పెద్ద జయంతి అయిపోయిన వారానికి లింగం ఫోను చేశాడు. శ్రీనివాసు మంచం సంగతి ఏమైందని అడిగాను. కాలేదు, ముదీర్ చూద్దామంటున్నాడు. రాజేశం బస్సు తప్పలేదు కదా? తప్పలేదు. మాల దించాడా? దించాడు. దించిన మర్నాడు తెల్లవారుజామున లింగం డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి రాజేశం మంచం మీద కూర్చుని ఉన్నాడట, ఫోను చేతిలో వణుకుతోందట. ఈసారి కట్ చేయలేదట. ఎత్తి చెవికి ఆనించుకున్నాడట. అవతల ఏమన్నాడో ఆయనకు ఎలాగూ వినబడదు, వినడానికి ఆగనూ లేదట. గదిలో నిద్రపోతున్న ఆరుగురూ ఉలిక్కిపడి లేచేంత గట్టిగా ఒక్క మాట అరిచి, ఫోను పెట్టేసి, బూట్లు వేసుకుని బస్సుకు పోయాడట.

ఏమన్నాడని అడిగాను.

"లేచిన తమ్మీ, ఇగ కోడి వండుకో."